గాలివాటంగా ఐసెల్ వెంట

రైన్ నది జర్మనీ దాటి నెదర్లాండ్స్‌లో అడుగుపెట్టిన కాసేపటికే పాయలుగా చీలిపోతుంది. పెద్ద పాయ పేరు వాల్. మూడింట రెండు వంతుల నీళ్లు అదే పట్టుకుపోతుంది. మిగిలిన పాయ ఆర్నెమ్ ఊరి దగ్గర మళ్లీ రెండై, అందులో చిన్నది ఉత్తరానికి మళ్లుతుంది. దాని పేరు ఐసెల్. పొడవు సుమారు 125 కిలోమీటర్లు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా విడిపోయే చోట పెరిగినవాణ్ణి కాబట్టి, పటం మీద ఆ చీలికలు చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనే ఆమ్‌స్టెల్వేన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిది మాత్రం ట్యూలిప్ తోటలు చూపించలేకపోతున్నానని బాధపడుతున్నాడు.

"మే దాటితే ఆ తోటల్లో ఏమీ ఉండదు బావా. నువ్వేమో జూన్‌లో దిగావు."

"పూలదేముందిరా, కడియం వెళ్తే కావలసినన్ని. ఈ ఏరు చూపించు."

"అయితే సైకిళ్ల మీద పోదాం. ఐసెల్ పొడుగునా పాత ఊళ్లున్నాయి. కొండలు లేవు, నీ మోకాళ్లకు ఢోకా లేదు."

ఆ పాత ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి. 13వ శతాబ్దం నుంచి ఉత్తర సముద్రం, బాల్టిక్ తీరాల వ్యాపార పట్టణాలు హాన్సా అనే కూటమి కట్టి బతికాయి. జర్మనీలోని లూబెక్ దానికి పెద్దదిక్కు. నార్వే ఎండుచేపలు, బాల్టిక్ కలప, ధాన్యం, రైన్ లోయ వైను ఐసెల్ మీదుగా ఎగువకూ దిగువకూ నడిచేవి. డూస్‌బర్గ్, జుట్‌ఫెన్, డేవెంటర్, హాటెమ్, జ్వోలె, కాంపెన్ ఆ సొమ్ముతో ప్రాకారాలూ చర్చిలూ కట్టుకున్నాయి. తర్వాత ఏట్లో మేట వేసింది, పెద్ద ఓడలు రావడం కష్టమైంది, వ్యాపారమంతా ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయింది. చేతిలో డబ్బు ఆడకపోవడంతో ఈ ఊళ్లు పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకోలేకపోయాయి. ఇవాళ మనం కెమెరా తీసేది ఆ లేమి మిగిల్చిన ఇళ్లను చూసే. ఏ పురావస్తు శాఖా అంత బాగా కాపాడి ఉండేది కాదు.

ఆర్నెమ్‌లో సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. ఇచ్చినాయన నన్ను ఎగాదిగా చూసి సీటును ఆఖరి మెట్టు దాకా దించాడు, అయినా నా కాళ్లు నేలకు ఆనీ ఆననట్టే ఉన్నాయి. ప్రపంచంలోకెల్లా పొడగరుల దేశం మరి. హ్యాండిల్‌కు బ్రేకు ఒకటే ఉంది. రెండోది పెడల్లోనే ఉంటుంది, వెనక్కి తొక్కితే చక్రం పట్టేస్తుంది. మన అలవాటు కొద్దీ ఆగినచోట పెడల్‌ను వెనక్కి తిప్పుకోబోతే కుదరదు. వెనక క్యారియర్‌కు రెండువైపులా వేలాడే సంచుల్లో బట్టలు, వాన కోటు, మా చెల్లెలు కట్టి ఇచ్చిన పులిహోర, కందిపొడి. ఊరు దాటకముందే రెండో ప్రపంచ యుద్ధపు వంతెన వస్తుంది. 1944 సెప్టెంబరులో బ్రిటిష్ పారాచూట్ దళం దాని ఉత్తరపు కొసను పట్టుకుని, సాయం అందక నేలకూలింది. ఇప్పుడున్నది యుద్ధం తర్వాత కట్టిన వంతెన. దానికి ఆ దళపతి జాన్ ఫ్రాస్ట్ పేరు పెట్టుకున్నారు. మేము దాని మీద నుంచి ఒకసారి కిందికి చూసి ముందుకు సాగాం.

ఈ దేశంలో సైకిలు యాత్రకు పటం అక్కర్లేదు, చిన్న కాగితం ముక్క చాలు. దారులు కలిసే ప్రతిచోటా తెల్ల పలక మీద ఆకుపచ్చ అంకె ఉంటుంది. ఒక అంకె నుంచి పక్క అంకెకు బాణం గుర్తులు తీసుకుపోతాయి. పొద్దున్నే బయల్దేరేముందు ఇవాళ వెళ్లాల్సిన అంకెలు వరసగా రాసుకుని హ్యాండిల్‌కు అంటించుకుంటే, సాయంత్రానికి ఊరు చేరతాం. ఈ పద్ధతి పుట్టింది పక్కనున్న బెల్జియంలో, లింబర్గ్ ప్రాంతంలో. హ్యూగో బొలెన్ అనే గని ఇంజినీరు ఆలోచన అది. భూమి కింద సొరంగాలు కలిసేచోట అంకెలు వేసుకుని దారి తప్పకుండా తిరగడం ఆయనకు వృత్తి నేర్పిన విద్య. బొగ్గు గనులు మూతపడ్డాక ఆ కిటుకును 1990లలో భూమి పైకి తెచ్చాడు. మా బావమరిదికి ఇవేవీ పట్టవు, అంతా ఫోనే. రెండో రోజు వానలో అతని ఫోను తెర తడిసి మొరాయించింది. నా కాగితం ముక్క ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. ఆ రోజు నేనే ముందు, అతను వెనక.

దారి గురించి ఇంకొక్క మాట. ఊళ్లలో సైకిలు బాట ఎర్రగా, నున్నగా ఉంటుంది. కూడలి దగ్గర రోడ్డు మీద తెల్ల త్రికోణాలు వరసగా గీసి ఉంటాయి, ఆ కొనలు ఎవరి వైపు తిరిగి ఉంటే వాళ్లు ఆగాలి. చాలాచోట్ల ఆగేది కార్లే. కొన్ని వీధుల మొదట్లో 'ఇక్కడ కారు అతిథి' అన్న అర్థం వచ్చే బోర్డు కూడా ఉంటుంది. ఇది వాళ్ల రక్తంలో ఉందనుకుంటే పొరపాటు. యుద్ధం తర్వాత వీళ్లూ అందరిలాగే కార్ల వెంట పడ్డారు, సైకిలు బాటలు పీకేశారు. 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధికెక్కారు. 'పిల్లల హత్య ఆపండి' అనేదే ఆ ఉద్యమం పేరు. 1973 చమురు సంక్షోభం వచ్చి పడింది. ఆ తర్వాతే ఒక్కొక్క బాటా తిరిగి వచ్చింది. మేము తొక్కిన ప్రతి ఎర్ర బాట వెనకా ఎవరో ఒక మునిసిపల్ సమావేశంలో పోట్లాడి ఉంటారు.

డూస్‌బర్గ్ ఆవపిండికి పేరు. అక్కడి ఆవ కర్మాగారం 1457 నుంచి ఉందని గోడ మీదే రాసుకున్నారు. ఆవలు తిరగలిలో విసిరి వెనిగర్‌తో కలుపుతారు. నడివీధిలో 1478 నాటిదని చెప్పుకునే పాత తూకపు ఇల్లు ఇప్పుడు పూటకూళ్ల ఇల్లు. అక్కడ ఆవపిండి సూప్ తాగాం. వెన్నలాగా చిక్కగా ఉంది, ఘాటు మాత్రం బొత్తిగా లేదు. ఆవకాయ ఊటతో అన్నం కలుపుకున్న నోటికి అది ఏ మూలకు? సంచిలోంచి కందిపొడి తీసి చిటికెడు వేసుకున్నాను. పక్క బల్ల దగ్గర పెద్దావిడ ఆసక్తిగా చూసి, చెంచా చాచి రుచి అడిగింది. ఇచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగినా మొహమాటంతో బాగుందనేసింది.

అక్కడి నుంచి ఏటిగట్టు ఎక్కితే బ్రోంక్‌హోర్స్ట్. 1482లో పట్టణ హోదా వచ్చింది, పట్టణం మాత్రం రాలేదు. జనం నూట యాభై మంది, అటూ ఇటూగా. రెండు వీధులు, ఒక గుడి, నాలుగు కాఫీ కొట్లు. నెదర్లాండ్స్‌లో అతి చిన్న 'నగరం' తమదేనని బోర్డు పెట్టుకున్నారు. ఈ ప్రాంతమంతా గెల్డర్‌లాండ్ రాష్ట్రం. మనకూ ఆ పేరుతో పాత పరిచయమే ఉంది. డచ్చి వర్తకులు 1605లో మచిలీపట్నంలో దిగారు. ఆ తర్వాత పులికాట్‌లో కోట కట్టి దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు. అప్పటి అధికారి వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ ఊరు ఈ గెల్డర్‌లాండే. మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి సమాధుల మీద చదవడానికి నోరు తిరగని పేర్లుంటాయే, ఆ పేర్ల బాపతు మనుషులు బయల్దేరిన దేశం ఇది. కోరమండల్ బట్టల మీద వాళ్లు గడించిందేమో ఎక్కువగా ఆమ్‌స్టర్‌డామ్ వైపే చేరింది. ఐసెల్ ఊళ్లు అప్పటికే వెనకబడ్డాయి.

బ్రోంక్‌హోర్స్ట్ దగ్గర పంటు మీద ఏరు దాటాం. రెండు కార్లు, ఒక ట్రాక్టరు, ఆరేడు సైకిళ్లు. పంటు నడిపేవాడు నడుముకు కట్టుకున్న తోలు సంచిలోంచి చిల్లర తీసి ఇస్తున్నాడు. ఐసెల్ వెడల్పు చూస్తే మనవాళ్లు దీన్ని పెద్ద కాలువంటారు. కానీ ప్రవాహం చురుగ్గా ఉంది, ఇసుక పడవలు ముక్కు దాకా మునిగి ఎదురెక్కుతున్నాయి. అవతలి ఒడ్డున గట్టు, గట్టుకూ ఏటికీ మధ్య లంక భూములు. వాటిలో ఎర్ర మచ్చల ఆవులు మేస్తున్నాయి. మాస్, రైన్, ఐసెల్ అనే మూడు నదుల పేర్లూ కలిపి పిలిచే జాతి అది. స్తంభాల మీద పెట్టిన చక్రాల్లో స్టార్క్ కొంగలు గూళ్లు కట్టుకుని, మనుషులు వస్తే ముక్కులు టకటకలాడించి బెదిరిస్తున్నాయి.

నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా మనసుకు పట్టినది ఈ అవతలి ఒడ్డే. కోర్టెనూవర్ అంటారు. అక్కడ ఏటిగట్టును వెనక్కి జరిపారు!

గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి ఈ మాట అర్థం కావడానికి కాస్త టైము పడుతుంది. వరద వస్తే గట్టు ఎత్తు పెంచుతాం, రాళ్లు పేరుస్తాం, ఇసుక బస్తాలు వేస్తాం. ఇక్కడా వందల ఏళ్లు అదే చేశారు. 1993లో, మళ్లీ 1995లో నదులు పొంగాయి. 1995లో గట్లు తెగుతాయేమోనన్న భయంతో రెండున్నర లక్షల మందిని, లక్షలాది పశువులను ఖాళీ చేయించారు. గట్లు తెగలేదు. కానీ ఎంతకని పెంచుతాం అన్న ప్రశ్న మిగిలింది. గట్టు ఎంత ఎత్తయితే, తెగిన రోజున నష్టం అంత ఎక్కువ. అప్పుడు 'నదికి చోటు' అనే కార్యక్రమం పెట్టారు. 30కి పైగా చోట్ల, రెండు వందల కోట్ల యూరోలకు మించిన ఖర్చుతో నదికే జాగా ఇచ్చారు. ఒకచోట గట్టు వెనక్కి జరిపారు, ఒకచోట లంకను లోతు చేశారు, మరోచోట పక్కన కొత్త కాలువ తవ్వారు. లెక్క కూడా ఒకటి పెట్టుకున్నారు. రైన్ దేశంలోకి ప్రవేశించే లోబిత్ దగ్గర సెకనుకు 16,000 ఘనపు మీటర్ల నీళ్లు వచ్చినా క్షేమంగా సముద్రానికి పంపగలగాలి.

కోర్టెనూవర్‌లో పాత గట్టు ఇంకా ఉంది, రెండు మూడు చోట్ల తగ్గించి వదిలారు. పెద్ద వరద వస్తే నీళ్లు అక్కడి నుంచి లోపలి పొలాల మీదికి పారి, దూరంగా కట్టిన కొత్త గట్టు దగ్గర ఆగుతాయి. మేము పాత గట్టు మీద ఆగి చూస్తుంటే ఆ రెంటి మధ్యనా గోధుమ చేలు, రెండు మూడు పెద్ద పాకల రైతు ఇళ్లు కనిపించాయి. ఓ ఇంటి గేటు దగ్గర చెక్క పెట్టెలో గుడ్లు, కొత్త బంగాళాదుంపలు పెట్టి ఉన్నాయి. అమ్మే మనిషి లేడు. డబ్బులు వేయడానికి ఇనప డబ్బా, దాని పక్కనే ఫోనుతో కట్టడానికి క్యూఆర్ ముద్ర. మేము దుంపలు వండుకునేవాళ్లం కాదు గనక చెర్రీల పొట్లం ఒకటి తీసుకుని డబ్బులు వేశాం. లోపలి నుంచి రైతు వచ్చాడు. అరవై దాటినవాడు, ఇంగ్లిషు బాగా మాట్లాడుతున్నాడు. "పొలం నదికిచ్చి మీరు ఇక్కడే ఎందుకున్నారు?" అని అడిగాను. కొందరు పరిహారం పుచ్చుకుని వెళ్లిపోయారట, ఈయన ఉండిపోయాడు. ఏళ్ల తరబడి సమావేశాలు జరిగాయట. ఇంజినీర్లు వచ్చి వంటింటి బల్ల మీద పటాలు పరిచేవాళ్లట. "నాకు ఇష్టమై కాదు. కానీ నేను ఒప్పుకోకపోతే మునిగేది దిగువ ఊళ్లు" అన్నాడు. ఆ మాట పెద్ద త్యాగంగా కూడా చెప్పలేదు, వాన వచ్చేలా ఉందన్నట్టు చెప్పాడు. మా బావమరిది తెలుగులో నాతో, "మన లంకల్లో ఇలా బల్ల మీద పటం పరిచి అడిగినవాళ్లున్నారా బావా?" అన్నాడు. నాకు తెలిసి లేరు.

జుట్‌ఫెన్ చేరేసరికి సాయంత్రం. గోపురాల ఊరని పేరు. ఒక గోపురంలో హెమోనీ సోదరులు 1644లో గంటల వరసను శ్రుతి చేసి కట్టారు. శ్రుతి సరిగ్గా కుదిరిన తొలి గంటల వాద్యం అదేనంటారు. ఈ ఊళ్లో గంట సేపే ఉండగలనన్నవాళ్లెవరైనా ఆ గంట వాల్‌బుర్గిస్ చర్చి లోపలి పుస్తకాల గదికి ఇవ్వాలి. 1560లలో కట్టిన గది. తక్కువ ఎత్తు వంపుల కప్పు, సన్నటి కిటికీలు. ఓక్ చెక్క బల్లలు వాలుగా, మోకాలి ఎత్తు బెంచీలతో వరసగా ఉన్నాయి. ప్రతి పుస్తకం అట్టకూ ఇనప గొలుసు. గొలుసు రెండో కొస బల్ల పైనున్న ఇనప కడ్డీకి తగిలించి ఉంటుంది. పుస్తకం దగ్గరికి మనిషే వెళ్లి కూర్చోవాలి, పుస్తకం కదలదు. యూరప్‌లో ఇలా గొలుసులతో సహా తన చోటే మిగిలిన గ్రంథాలయాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చూపించే ఆవిడ ఒక గొలుసును మెల్లగా ఎత్తి వదిలింది. చిన్నగా చప్పుడైంది. ఆ గదిలో పాఠకులు మాట్లాడకపోయినా నిశ్శబ్దం ఉండేది కాదన్నమాట. పుస్తకం చేతితో రాసినా అచ్చు వేసినా ఆస్తి కింద లెక్క, అందుకే కట్టేశారు. కానీ ఊరివాళ్లు వచ్చి చదువుకోవాలనే ఈ గది కట్టారు కూడా. కట్టేయడమూ తెరిచిపెట్టడమూ ఒకే గదిలో చేసిన ఆ పెద్దలు నాకు నచ్చారు.

నేల పలకల మీద కుక్క అడుగులున్నాయి. పచ్చి పలకల మీద ఏదో కుక్క నడిచిపోయి ఉంటుంది. ఊరివాళ్లు అంత చప్పగా వదిలేస్తారా? ఉపవాస దినాల్లో ఒక సన్యాసి ఇక్కడ చాటుగా కోడి మాంసం తిన్నాడని, సైతాను కుక్క రూపంలో వచ్చి రాత్రంతా తలుపు తెరుచుకోకుండా చేశాడని చెబుతారు.

ఆ రాత్రి బస హోటల్లో కాదు. సైకిళ్ల మీద, కాలినడకన తిరిగేవాళ్లకు తమ ఇంట్లో ఒక గది ఇచ్చే 'ఫ్రీన్డెన్ ఆప్ డె ఫీట్స్' అనే సంస్థ ఒకటుంది. సభ్యత్వం తీసుకుంటే దేశమంతటా వేల చిరునామాలు చేతికొస్తాయి. ఆతిథ్యం ఇచ్చినామె బడిపంతులుగా పదవీ విరమణ చేసింది. పొద్దున్న ఫలహారానికి రొట్టె మీద వెన్న రాసి దానిపైన చాక్లెట్ పలుకులు చల్లి ఇచ్చింది. డెబ్బై ఏళ్లవాళ్లు కూడా అదే తింటారు. మజ్జిగ అట్టపెట్టెల్లో అమ్ముతారని తెలిసి నేను ఉప్పు వేసుకు తాగితే, ఆమె తన మనవలకు చెప్పడానికి ఒక వింత దొరికినట్టు నవ్వింది.

డేవెంటర్ ఈ ఊళ్లలో పెద్దరికం ఉన్నది. మహాపండితుడు ఇరాస్మస్ ఇక్కడి బడిలోనే చదువుకున్నాడు. 14వ శతాబ్దంలో గీర్ట్ గ్రోటె ఇక్కడ మొదలుపెట్టిన సోదర సంఘం వాళ్లు పుస్తకాలు ప్రతులు రాసి బతికేవాళ్లు. ఆ తర్వాత అచ్చు యంత్రాలు ఇక్కడ తొందరగా వేళ్లూనాయి. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. ఏటా ఆగస్టు మొదటి ఆదివారం ఊరి వీధులన్నీ పాత పుస్తకాల దుకాణాలే. యూరప్‌లో అంత పెద్ద పుస్తకాల సంత మరొకటి లేదంటారు. మేము వెళ్లింది జూన్ కాబట్టి దక్కలేదు. బ్రింక్ అనే చౌకులో 1528 నాటి తూకపు ఇల్లు ఉంది. దాని గోడకు పెద్ద రాగి కొప్పెర ఒకటి వేలాడుతోంది. దొంగనాణేలు చేసిన టంకశాల అధికారిని 1434లో ఆ కొప్పెరలో నూనె పోసి ఉడకబెట్టారట. తూకం తప్పిస్తే ఏమవుతుందో తూకం వేసే ఇంటి గోడకే వేలాడదీసి చూపించడం వర్తకుల పద్ధతి. దానికి ఎదురుగా బుసింక్ దుకాణంలో 1593 నుంచి అమ్ముతున్న డేవెంటర్ కేకు తిన్నాం. రై పిండి, తేనె కలిపి చేస్తారు. నమలడానికి ఓపిక కావాలి, కానీ చాలా రోజులు నిల్వ ఉంటుంది. ఓడ ఎక్కేవాళ్లకు కావలసింది అదే. ఊరికి పడమట ఉన్న వంతెనను చూసి బావమరిది ఆగాడు. "ఇది సినిమాలో చూశాను బావా." నిజమే. ఆర్నెమ్ పోరాటం మీద తీసిన 'ఎ బ్రిడ్జ్ టూ ఫార్' చిత్రానికి 1976లో ఈ వంతెననే ఆర్నెమ్ వంతెనగా చూపించారు. అసలు వంతెన చుట్టూ అప్పటికే కొత్త భవనాలు లేచాయి.

డేవెంటర్ నుంచి జ్వోలె దాకా దారి గట్టు మీదుగానే. గాలి వెనక నుంచి వీస్తే అది స్వర్గం. ఆ రోజు మధ్యాహ్నం తిరిగి ఎదురైంది. కొండ అయితే ఎక్కడో శిఖరం ఉంటుంది, దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి అవేవీ లేవు. డెబ్బై దాటిన దంపతులు ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద నిటారుగా కూర్చుని, మాకు 'హోయ్' అని చెప్పి దాటిపోతుంటే, ఈ దేశంలో ఇప్పుడు అమ్ముడయ్యే కొత్త సైకిళ్లలో సగం దాకా కరెంటువే ఎందుకయ్యాయో మా తొడలకు అర్థమైంది.

ఓల్స్ట్ దగ్గర చెట్ల మధ్య కాంక్రీటు దిబ్బలు కనిపించాయి. ఇవేవో పాత గోదాములనుకునేంత మామూలుగా ఉన్నాయి. 1950లలో సోవియట్ సైన్యం పశ్చిమానికి వస్తుందన్న భయంతో, ఐసెల్ లోయనంతా నీట ముంచి ఆపాలని నాటో, డచ్చి సైన్యం పథకం వేశాయి. రైన్ నీళ్లను అడ్డుగట్టి ఐసెల్‌లోకి మళ్లిస్తే, నూట ఇరవై కిలోమీటర్ల పొడవున, కొన్ని కిలోమీటర్ల వెడల్పున నీళ్లు నిలుస్తాయి. ఆ పాటి లోతులో ట్యాంకులు నడవవు, పెద్ద పడవలూ తిరగవు. నాలుగు లక్షల మందిని ముందే తరలించాలి. ఆ సంగతి వాళ్లకు మాత్రం చెప్పలేదు. ఓల్స్ట్‌లో అడ్డుకట్ట సిద్ధంగా ఉంచారు. కాపలాకు పాత షెర్మన్ ట్యాంకులను కాంక్రీటులో పాతి, తుపాకీ ఉండే పైబురుజు మాత్రం బయటికి వదిలారు. 1964లో ఆ ఏర్పాటు తీసేశారు. జనానికి విషయం తెలిసింది 1990 ప్రాంతంలో. ఇప్పుడు మనిషిని పెట్టి చూపిస్తున్నారు. ఒక ట్యాంకు పైకి ఎక్కి చూస్తే ఎదురుగా అవే ఎర్ర ఆవులు, అదే ఏరు. ఒకప్పుడు ఊళ్లను రహస్యంగా ముంచాలనుకున్న ప్రభుత్వమే, నలభై యాభై ఏళ్లకు వంటింటి బల్ల దగ్గర కూర్చుని 'మీ పొలంలోకి నీళ్లు వదలొచ్చా' అని రైతును అడగాల్సి వచ్చింది. ఈ మార్పు ఊరికే రాలేదు.

జ్వోలె గురించి రెండు మాటలతో సరిపెడతాను. సాసెన్‌పూర్ట్ అనే కోట ద్వారం చూడదగ్గది. మ్యూజియం కప్పు మీద 2013లో కూర్చోబెట్టిన పెంకుల గుడ్డు ఆకారం కొందరికి నచ్చుతుంది, నాకు నచ్చలేదు. పాత చర్చిలో పెట్టిన పుస్తకాల దుకాణం మాత్రం నచ్చింది. స్తంభాల మధ్య మూడంతస్తులు లేపి, రంగుల గాజు కిటికీ కింద వంట పుస్తకాలు అమ్ముతున్నారు.

జ్వోలె దాటాక చిన్న పడవ మీద సైకిళ్లతో సహా హాటెమ్ చేరి, అక్కడి నుంచి ఎడమ గట్టు పట్టుకుంటే కాంపెన్. దారిలో కొత్తగా తవ్విన రేవెడీప్ కాలువ అడ్డం వస్తుంది. వరద కాలంలో ఐసెల్ నీళ్లను కాంపెన్ ఊరు తగలకుండా పక్కనుంచి సరస్సుకు చేర్చే దారి అది. ఇక్కడా అదే సూత్రం. ఏటికి అడ్డం పడకుండా పక్కకు తప్పుకున్నారు.

కాంపెన్‌కు ఆ దేశంలో మొద్దుల ఊరని పేరు. బిషప్‌గారి విందుకోసం పెద్ద స్టర్జన్ చేప పట్టారట. ఆయన రావడం వాయిదా పడింది. చేప పారిపోకుండా, మళ్లీ దొరికేలా మెడకు గంట కట్టి ఏట్లోకి వదిలేశారట. ఊరి గోపురం మీద గడ్డి మొలిస్తే, కోసి దించడం ఎందుకని ఆవును తాడుకట్టి పైకి లాగారట. ఊరివాళ్లు సిగ్గుపడకుండా వేసవిలో గోపురానికి బొమ్మ ఆవును వేలాడదీస్తారు. పొరుగున ఉన్న జ్వోలె వాళ్లను 'నీలివేళ్లవాళ్లు' అంటారు. కాంపెన్‌కు గంటలు అమ్మితే, ధర మొత్తం రాగి చిల్లరలో చెల్లించారట, లెక్కపెట్టీ లెక్కపెట్టీ వేళ్లు నీలమయ్యాయట. ఈ రెండో కథ విన్నాక కాంపెన్ వాళ్లు నిజంగా మొద్దులేనా అని నాకు అనుమానం వచ్చింది. గడ్డకట్టిన ఏట్ల మీద ఆడుకునే జనాన్ని గీసిన చిత్రకారుడు హెండ్రిక్ అవెర్‌కాంప్ ఇక్కడే బతికి 1634లో పోయాడు. మాట రానివాడు, 'కాంపెన్ మూగవాడు' అని పిలిచేవాళ్లు. రేవులో హాన్సా కాలపు సరుకు ఓడకు నకలుగా కట్టిన పెద్ద చెక్క ఓడ నిలబడి ఉంది. ఒకప్పుడు ఇక్కడి నుంచి సముద్రం దగ్గర. 1932లో అఫ్‌స్లైట్‌డైక్ అనే అడ్డుగట్టు కట్టి సముద్రాన్ని మూసేశాక ఐసెల్ చేరేది మంచినీటి సరస్సుకే. వంతెన మీద బంగారు పూత వేసిన చక్రాలు సాయంత్రం వెలుగులో మెరుస్తుంటే, మేము వాటి కిందుగా తొక్కుకుంటూ అవతలి గట్టున స్టేషనుకు చేరాం.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. మే నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడైనా పరవాలేదు, పుస్తకాల పిచ్చి ఉంటే ఆగస్టు మొదటి ఆదివారానికి డేవెంటర్‌లో ఉండేలా చూసుకోండి. రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లు చాలు, అంతకు మించితే ఊళ్లు మిగలవు. చిన్న పంటులు కొన్ని వేసవిలోనే నడుస్తాయి, ముందే కనుక్కోండి. సైకిలును రైలెక్కించవచ్చు కానీ దానికి వేరే టికెట్టు కొనాలి, పనిరోజుల్లో రద్దీ వేళ ఎక్కనివ్వరు. అద్దె సైకిలు తీసుకునేటప్పుడు సీటు దించమని సిగ్గుపడకుండా అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. ఆర్నెమ్‌లో మొదలుపెట్టి కాంపెన్‌లో దిగండి, తిరగేసి మాత్రం తొక్కకండి.